బ్యానరు కింద పదకొండు పేర్లు

మొన్న ఏలూరులో బస్సు కోసం నిలబడితే ఎదురుగా ఒక సినిమా ఫ్లెక్సీ. హీరో మొహం కన్నా కింద అభిమానుల మొహాలే ఎక్కువ. మా చిన్న మావయ్య గుర్తొచ్చాడు. ఫ్లెక్సీలు రాకముందు తాడేపల్లిగూడెంలో గుడ్డ బ్యానర్లు ఆయనే రాసేవాడు. ఆదివారం చర్చిలో అందరూ తెల్లబట్టల్లో మెరుస్తుంటే, ఈయన చొక్కాకి మాత్రం హీరోగారి పేరులో ఒక అక్షరమైనా అంటుకుని ఉండేది. పాస్టరుగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

మా పేటంతా ఆ హీరో అభిమానులే. కటౌటు మోసేది, తాళ్ళు కట్టేది, పైకెక్కి దండ వేసేది మావాళ్ళే. బ్యానరు కింద రాసే అభిమాన సంఘ సభ్యుల పేర్లలో మాత్రం మా పేటవాళ్ళ పేరు ఒక్కటీ ఉండేది కాదు. జాబితా ఇచ్చే సంఘం ప్రెసిడెంటు పొలాలున్న ఆసామి. మా ఇంట్లోవాళ్ళు కూలికి వెళ్ళేదీ ఆయన చేలోకే. నేను డిగ్రీ చదువుతున్న ఏడాది కొత్త సినిమాకి ఆయన జాబితా తెస్తే, మావయ్య చదివి, "ఏవండీ, ఈసారైనా మావాళ్ళ పేర్లు రాయమంటారా అండీ?" అని అడిగాడు.

"చోటెక్కడుందయ్యా, వచ్చే సినిమాకి చూద్దాం."

మూడు సినిమాలుగా అదే మాట. మావయ్య వాదించలేదు. అక్షరాలు కాస్త చిన్నవి చేసి, అకారాది క్రమంలో అందరి పేర్లూ రాశాడు, మా పదకొండు మందితో సహా.

రిలీజు రోజు పొద్దున్న హాలు దగ్గర బ్యానరు విప్పగానే ప్రెసిడెంటు మొహం మాడిపోయింది. ఆ పేర్ల మీద తెల్లరంగు కొట్టెయ్యమన్నాడు.

"నా చేత్తో కొట్టనండీ. మీరు కొడతానంటే బ్రష్షు ఇదుగోనండీ," అన్నాడు మావయ్య మెత్తగా.

ఆయన అందుకోలేదు. మావాళ్ళు కటౌటు తాళ్ళు వదిలేసి గోడ నీడన కూర్చున్నారు. ముప్ఫై అడుగుల హీరో ఆవరణలో వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తున్నాడు. మిగతా సభ్యులు లేపబోతే మోకాలెత్తు లేచి మళ్ళీ పడుకున్నాడు. సంగతి తెలిసి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "రేపటినించి పనికి పిలవరురా తమ్ముడూ," అంది.

"పిలవకపోతే అత్తిలి చేలకి వెళ్దాం అక్కా. పేర్లు చెరిపితే మాత్రం దీన్ని లేపం."

అమ్మ నన్ను కూడా లాక్కుని ఆ గోడ నీడనే కూర్చుంది. ఆట వేళ దగ్గరపడి, జనం గోలపెట్టి, చివరికి ప్రెసిడెంటే, "ముందా బ్యానరు కట్టండయ్యా," అన్నాడు. బ్యానరు లేచాకే హీరో లేచాడు.

వరి ఊడ్పులకి మమ్మల్ని నిజంగానే పిలవలేదు. ఆ సీజనంతా అమ్మ బస్సెక్కి అత్తిలి వెళ్ళి ఊడ్చి వచ్చింది, తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. తర్వాతి సినిమాకి మా పేర్లు ప్రెసిడెంటు చేతిరాతలోనే వచ్చాయి. మొదటిసారి సంఘం మీటింగుకి పిలుపూ వచ్చింది. మావయ్య వెళ్ళి ముందు వరసలో కుర్చీ లాక్కున్నాడు. ఆ సినిమాలు రెండూ ఎప్పుడో మరుగునపడ్డాయి. ఇన్నేళ్ళలో మావాళ్ళు మాత్రం ఆ కుర్చీల్లోంచి లేవలేదు.