డేటాబేస్ అనలేని రోజులు

సికింద్రాబాద్‌లో వీధికో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ వెలసిన రోజుల్లో, ప్యాట్నీ దగ్గర అలాంటి ఒకదాంట్లో నేను పాఠాలు చెప్పేవాణ్ణి. పొద్దున ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం దాకా నాలుగు బ్యాచ్‌లు. శ్రీకాకుళం నుంచి వచ్చి యాప్రాల్‌లో కాపురం పెట్టిన మాకు నా గొంతే ఆధారం. మైకు అవసరం ఉండేది కాదు.

అలసట ఎప్పుడు మొదలైందో చెప్పలేను. ఎనిమిది గంటలు పడుకున్నా, లేచేసరికి రాత్రంతా బస్తాలు మోసినట్టుండేది.

"మీది గురక ఒక్కటే కాదండీ. మధ్యలో ఊపిరి ఆగిపోతోంది. మళ్లీ వచ్చేదాకా నాకు ప్రాణం ఉండట్లేదు" అంది నా భార్య ఒకరోజు. నవ్వేశాను. తర్వాత ఒక మధ్యాహ్నం బోర్డు మీద రాస్తూ రాస్తూ నిలబడే నిద్రపోయాను. తల బోర్డుకు కొట్టుకుంది. పిల్లలెవరూ నవ్వలేదు. అప్పుడు భయమేసింది.

నిద్రలో శ్వాస ఆగే జబ్బని పరీక్షల్లో తేలింది. రాత్రిళ్లు ముక్కుకు తగిలించుకునే గాలి మిషన్ వారం కూడా భరించలేకపోయాను. కొండనాలుక, దాని చుట్టూ ఉన్న మెత్తటి కండ కొంత తీసేయాలన్నాడు డాక్టర్. "గొంతులో తేడా రావచ్చు. ఎక్కువమందికి సర్దుకుంటుంది" అని కూడా చెప్పాడు. నాకు నిద్ర కావాలి. సంతకం పెట్టేశాను.

ఆపరేషన్ తర్వాత పది రోజులు గుటక వేయాలంటే ఏడుపొచ్చేది. చల్లటి మజ్జిగ, చల్లార్చిన జావ, అంతే. మొదటిసారి టీ తాగినప్పుడు సగం ముక్కులోంచి వచ్చింది. నా భార్య నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది.

ఆ సాయంత్రమే ఊరినుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. నేనే ఎత్తి హలో అన్నాను.

"మా అన్నయ్య ఉన్నాడాండీ?"

"నేనేనే."

"నీ గొంతుకేటయిందన్నయ్యా?" అంది. రిసీవర్ నా భార్యకిచ్చేశాను.

నెల తర్వాత క్లాసుకు వెళ్లాను. "డేటాబేస్" అనబోతే "నేటామేస్" అని వచ్చింది. గాలంతా ముక్కులోకి పోతోంది. ముందు వరసలో ఒకమ్మాయి "సార్, జలుబైందా?" అని అడిగింది. అవునన్నాను. మూడు వారాలు అదే జలుబు. చివరికి సెంటర్ నడిపే ఆయన పిలిచి, "ఏమనుకోకండి సార్, పిల్లలు పరేషాన్ అయితున్నరు. కొన్నాళ్లు ల్యాబ్ చూస్కోండి" అన్నాడు. ఆయన తప్పేం లేదు.

మాటల శిక్షణ ఇచ్చే ఒకావిడ దగ్గరికి బేగంపేట వెళ్లేవాణ్ణి. ముక్కు కింద చిన్న అద్దం పెట్టి "పా, పా" అనమనేది. గాలి ముక్కులోంచి పోతే అద్దం మసకబారుతుంది. ప్రతిసారీ మసకబారేది. "ఇంకొక్కసారి" అనేది ఆవిడ, విసుగు లేకుండా. విసుగంతా నాదే. నలభై ఏళ్ల మనిషిని, బస్సులో కిటికీ వైపు తిరిగి బడి, బండి, బాబు అని గొణుక్కుంటూ ఇల్లు చేరేవాణ్ణి.

ఒకరోజు మోండా మార్కెట్‌లో బెండకాయలడిగితే, కూరగాయలమ్మే ఆమె నా నోటివైపు చూసి "ఏందన్నా, జెర మల్ల చెప్పు" అంది. మళ్లీ చెప్పాను. మూడోసారికి వేలితో చూపించాను.

"తక్లీఫ్ ఉంటే మాట్లాడకన్నా, చూపిస్తే సాలు" అంది తూకం వేస్తూ. ఆ మాటకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేశాను.

నిద్ర మాత్రం పట్టింది. తల బరువు లేకుండా లేవడమంటే ఏమిటో మళ్లీ తెలిసింది. ఆరేడు నెలలకు 'డ' వచ్చేసింది. 'బ' మాత్రం అలసిపోతే ఇప్పటికీ జారిపోతుంది. పాత గొంతు తిరిగి రాలేదు.

ఆ ఏడాది చివర్లో ఒక్క బ్యాచ్ ఇవ్వమని అడిగి తీసుకున్నాను. "నాకు గొంతు ఆపరేషన్ అయింది. అర్థం కాకపోతే మొహమాటపడకుండా ఆపండి" అని మొదటే చెప్పాను. వెనక కూర్చున్నవాళ్లు పుస్తకాలు తీసుకుని ముందుకొచ్చి ఇరుక్కుని కూర్చున్నారు. గంట మాట్లాడేసరికి మెడ నరాలు లాగేశాయి. కుర్చీ లాక్కుని, మిగతా పాఠం కూర్చునే చెప్పాను.