టీవీకి నచ్చని మా బాక్సర్ అంకుల్

కెనడాలోని సర్రీలో మేం అద్దెకున్న ఇంటి అంకుల్ పోయారు. మంగళవారం ఉదయం ఆఫీసుకి వెళ్తూ స్కైట్రైన్‌లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "బేటీ, అంకుల్ వెళ్ళిపోయాడు," అన్నారు. ఎక్కడికి వెళ్ళారని అడిగాను. ఆవిడ మళ్ళీ అదే మాట అన్నారు. అప్పుడు అర్థమైంది. వాకింగ్‌కని షూ లేసులు కట్టుకుంటూ అలాగే ముందుకి ఒరిగిపోయారట.

నేను ఖమ్మం నుంచి చదువుకోడానికి వచ్చిన ఏడాది, మాలాంటి పిల్లలు విమానాల నిండా దిగుతున్నారు. గది దొరకడమే గగనంగా ఉండేది. నాకూ, మా కాలేజీలోనే చదివే రమ్యకూ అంకుల్ తమ ఇంటి బేస్‌మెంట్ ఇచ్చారు. ఆయన ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఫిజీ వెళ్ళినవాడు. అంకుల్ అక్కడే పుట్టి, కుర్రతనంలో తల్లితో కెనడా వచ్చారు. వాళ్ళ నానమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులోనే మాతో మాట్లాడేవారు. మాట అందకపోతే ఇంగ్లీషో, ఫిజీ హిందీయో అందుకునేవారు. మెట్ల మీద మా అడుగుల చప్పుడు వినబడితే చాలు, "బువ్వ తిన్నారా?" అని పైనుంచి కేకేసేవారు. తిన్నామన్నా నమ్మేవారు కాదు.

చాలా ఏళ్ళు స్కూల్ బస్సు నడిపారు. అంతకు ముందు ప్రొఫెషనల్ బాక్సర్. ఆ సంగతి ఆయనగా చెప్పలేదు, ఆంటీ చెప్పారు. శనివారాలు టీవీలో బాక్సింగ్ వస్తే మమ్మల్నీ పిలిచి కూర్చోబెట్టుకునేవారు. ఆంటీ ఉడకబెట్టిన కర్రపెండలం ప్లేట్లలో పెట్టి ఇచ్చేవారు. రింగులోకి ఇద్దరూ రాగానే అంకుల్ ఒకణ్ణి చూపించి "వీడు గెలుస్తాడు" అనేవారు. రెండోవాణ్ణి చూపించి "టీవీ మాత్రం వాడిది" అనేవారు. గెలిచేవాడు వేరు, జనాన్ని రప్పించేవాడు వేరు అన్నది ఆయన తరచూ చెప్పే మాట. మాకు అది ఆట గురించిన మాటలాగే ఉండేది.

రమ్య వీడియోలు చేసేది. మొదట్లో పప్పు ఎలా వండుకోవాలి, వర్క్ పర్మిట్‌కి ఎలా అప్లై చేయాలి, ఇలాంటివి. ఎవరూ పెద్దగా చూసేవారు కాదు. ఒకసారి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇంగ్లీషు ఎలా మాట్లాడతారో అనుకరిస్తూ వీడియో పెట్టింది. అది ఎక్కడెక్కడికో పాకిపోయింది. కింద కామెంట్ల నిండా మనవాళ్ళ మీద తిట్లే. అయినా రమ్య ముఖం వెలిగిపోయింది. తను పనిచేసే కాఫీ షాపులో కొత్తగా చేరిన అమ్మాయి మీద ఇంకొకటి తీస్తానంది.

అంకుల్ ఆ వీడియో చూపించమన్నారు. మొత్తం చూసి, ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఇంటి వెనక చెక్క అరుగులాంటి డెక్ మీదికి వెళ్ళి కూర్చున్నారు. కాసేపటికి మమ్మల్ని పిలిచారు.

"నేనూ ఒకసారి చేశాను, రమ్యా," అన్నారు.

ఆయన దెబ్బ తప్పించుకుంటూ, పాయింట్ల మీద గెలిచే బాక్సరట. "గెలిచేవాణ్ణి. కానీ నా బౌట్ రాగానే జనం చానెల్ మార్చేస్తున్నారని టీవీవాళ్ళు చెప్పారు. పోటీలు పెట్టించే మా ప్రమోటర్ అన్నాడు, నువ్వు గెలవాలని ఎవడూ టికెట్ కొనడు, నువ్వు ఓడిపోవాలని కోరుకునేవాడు కొంటాడు, అలాంటివాళ్ళను తయారు చేసుకో అని."

తర్వాతి ప్రత్యర్థి ఒక జాలరి కొడుకు. అతనికి నత్తి. కెమెరాల ముందు అంకుల్ ఆ నత్తిని అనుకరించారు. అందరూ నవ్వారు. బౌట్ రోజు హాలు కిటకిటలాడింది. అంకుల్ గ్లవ్ ఎత్తిన ప్రతిసారీ హాలంతా లేచి తిట్టింది. అయినా ఆయనే గెలిచారు.

"అమ్మ చుట్టుపక్కల వాళ్ళందర్నీ పిలుచుకొని టీవీ ముందు కూర్చుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. కానీ తిట్టడం ఏ భాషలో అయినా తెలుస్తుంది కదా. ఇంటికి వచ్చేసరికి వంటగదిలో ఒక్కతే ఉంది. 'ఆళ్ళనేటి సేసినావురా?' అని అడిగింది."

తల్లి యాసలోనే అన్నారు ఆ మాట.

ఆ బౌట్‌ని మునుపెన్నడూ లేనంతమంది చూశారని, రీమ్యాచ్ పెడదామని టీవీవాళ్ళు ఫోన్ చేశారట. అంకుల్ వద్దన్నారు. జాలరి కొడుకు ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగారు.

"లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, 'నువ్వు బాగా ఆడావు' అన్నాడు. ఆ ఒక్క మాట పూర్తి చేయడానికి అతనికి ఎంతసేపు పట్టిందో. అంతసేపూ నేను తల దించుకొని నిలబడ్డాను."

రమ్య లేచి కిందికి వచ్చేసింది. రెండో వీడియో తీయలేదు. కొన్నాళ్ళకి మొదటిదీ కనబడలేదు. మళ్ళీ పప్పు, పచ్చళ్ళ వీడియోలు మొదలుపెట్టింది. అవి వదలకుండా చూసేవాళ్ళలో అంకుల్ ఒకరు. వంట ఏనాడూ చేసి ఎరగని మనిషి, "చింతపండు ఎక్కువేశావు" అని రమ్యకి మెసేజ్ పెట్టేవారు.

ఇప్పుడు రమ్య కెనడాకి తూర్పు వైపున్న కిచెనర్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. కబురు తెలిసిన రోజే ఫ్లైట్ ఎక్కింది. అంత్యక్రియల హాలులో ఎక్కువమంది లేరు. బంధువులు, బస్సు డ్రైవర్లు కొందరు, ఒకప్పుడు ఆయన బస్సెక్కిన పిల్లలు, ఇప్పుడు తమ పిల్లల్ని ఎత్తుకొని. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఆయన గురించి ఎవరైనా మాట్లాడతారా అని అడిగినప్పుడు రమ్య లేచింది. మైకు ముందు నిలబడి, "అంకుల్ మాకు బువ్వ పెట్టారు," అంది. అంతే. వచ్చి నా పక్కన కూర్చుంది.

అంతా అయ్యాక ఆంటీని ఇంటికి తీసుకెళ్ళడానికి అంకుల్ కారు నన్ను డ్రైవ్ చేయమన్నారు. ఆయన ఆజానుబాహువు. సీటు బాగా వెనక్కి జరిపి ఉంది. నా కాళ్ళు పెడల్స్‌కి అందలేదు. ముందుకి జరుపుకుందామని సీటు కిందికి చెయ్యి పెట్టాను.

"అలాగే ఉండనీ, బేటీ," అన్నారు ఆంటీ పక్క సీట్లోంచి.

సీటు అంచుకి జరిగి, వీపు ఎక్కడా ఆనకుండా, కాళ్ళు చాపుకొని, వానలో మెల్లగా నడుపుకుంటూ వెళ్ళాను. దారి పొడవునా ఆంటీ ఒక చెయ్యి నా వెనక, ఆ ఖాళీలోనే పెట్టుకొని కూర్చున్నారు.