యూసుఫ్ భాయ్ కొట్టిన కనపడని రంగు

నా పీహెచ్‌డీ పని కోసం ఆరు నెలలుగా వేడి గాజుపలకల మీద జింకు ద్రావణం పిచికారీ కొడుతున్నాను. ఆక్సైడు పొర సమానంగా పరుచుకోవాలి, నాకేమో చారలు చారలుగా వచ్చేది. ఈ రోజు స్ప్రేగన్ మూసుకుపోతే, నల్లగొండలో లారీలకు రంగులేసే యూసుఫ్ భాయ్‌ని ల్యాబుకు పిలిచాను. బాగుచేసి, నేను కొట్టే తీరు చూసి నవ్వాడు.

“గంత దగ్గర పెడ్తరా సార్? జర దూరంకెళ్లి, చెయ్యి ఆపకుండ కొట్టాలె.”

తనే కొట్టి చూపించాడు. కరెంటు ఎంత పారుతుందో చూసే మీటరు పెడితే నాలుగు మూలలా ఒకే రీడింగు.

“గిదేం రంగు సార్, కనవడ్తనే లేదు?”

“కనవడకుంటనే కరెంటు పారాలె భాయ్.”

“మరి గిన్ని దినాలు మీరు కొట్టింది మంచిగనే కనవడ్డది గద.”

గన్ను దూరం సవరించాక పొర బాగుపడిందని థీసిస్‌లో రాయమన్నారు మా గైడు. సవరించింది ఎవరో రాయమనలేదు. రాయాలా వద్దా, మీరే చెప్పండి.