జాలికుంట తూము

రోజూ తెల్లవారగానే కుళ్ళాయప్ప కట్ట వెనక్కి దిగేవాడు. అడుగున రాళ్ల సందులోంచి ఊరే నీటిని కుడిచేత్తో పట్టి వెలుగుకు తిప్పి చూసేవాడు. నీళ్ల కింద అరచేతి గీతలు కనిపిస్తే చెయ్యి వంచి నీళ్లు వదిలేసి, తడి చేతిని పంచెకు తుడుచుకుని పైకెక్కేవాడు.

ఏ చెరువు కట్టయినా కొంత ఊరుతుంది. ఊట తేటగా ఉన్నంతకాలం భయం లేదు. ఊట ఎర్రబడితే, నీళ్లు కట్ట లోపలి మట్టిని కొంచెం కొంచెంగా మోసుకొస్తున్నాయని అర్థం. ఈ సంగతి అతనికి నాయన చెప్పాడు. నాయన కూడా జాలికుంటకు నీరుగంటే. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు వదలాలో, చెరువు నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే మరవ మీద ఎంత పారితే ఊరిని లేపాలో నీరుగంటి చూసుకోవాలి.

చెరువు ఎండిన ఏళ్లలోనూ అతను దిగేవాడు. రాళ్ల సందులో చెయ్యి పెట్టి, పొడి చేతినే వెలుగుకు తిప్పి చూసేవాడు. దారిన పోయేవాళ్లు "ఏమప్పా కుళ్ళాయప్పా, జాతకం బాగుండాదా?" అని అడిగేవాళ్లు.

జాలికుంట ధర్మవరానికి కొంచెం దూరం. చిన్న చెరువు. కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడానికి ఒక బీడీ కాలేంత సేపు పడుతుంది. కింద మడులు లేవిప్పుడు. అవి ప్లాట్లయ్యాయి. కట్టను ఆనుకుని అరవై ఇళ్ల నేతగాళ్ల కాలనీ వచ్చింది. ఇంటింటా గుంత మగ్గం. నీళ్లు పెట్టడానికి మడి లేకపోవడంతో చెరువును పార్కు చేశారు. కట్ట మీద రంగు బిళ్లలు పరిచారు, కానుగ మొక్కలు నాటారు, దీపాల స్తంభాలు నిలబెట్టారు. ఒక చివర 'ఐ లవ్ జాలికుంట' అని మనిషెత్తు అక్షరాలు పెట్టారు. బాతు ఆకారం పడవలు ఆరు తెచ్చారు. కుళ్ళాయప్పకు టోపీ, ఈల ఇచ్చి వాచ్‌మన్ అన్నారు. తూము తాళంచెవి మాత్రం అతని మొలతాడుకే ఉండిపోయింది. దాన్ని అడగాలని ఎవరికీ తోచలేదు.

స్తంభాల కోసం కట్టలో నాలుగడుగుల గుంతలు తీస్తున్నప్పుడు అతను ఇంజనీరు దగ్గరికి పోయి, కట్టను పొడవకూడదని చెప్పాడు. డిజైను పైనుంచి వచ్చిందని ఇంజనీరు అన్నాడు.

పదకొండేళ్లు వాన సరిగా పడలేదు. పార్కు తెరిచిన నాటి నుంచి పడవలు టార్పాలిన్ కింద ఇసుకలో కూర్చున్నాయి. కుళ్ళాయప్ప భార్య తిమ్మక్క ఉడకబెట్టిన చెనక్కాయలు గంపలో పెట్టుకుని గేటు దగ్గర కూర్చునేది. అక్షరాల ముందు ఫోటోలు దిగడానికి వచ్చిన ఇద్దరో ముగ్గురో కొనేవాళ్లు.

ఆ ఏడు దసరా దాటాక మూడు రోజులు వాన కురిసింది. మూడో రోజు సాయంత్రం చెరువు మరవ పారింది. కాలనీ ఆడవాళ్లు పసుపు కుంకుమ తెచ్చి నీళ్లలో చల్లారు. మేకపోతును కోశారు. ముసలివాళ్లు మరవ పక్కన కూర్చుని, నీళ్లు దాటిపోతుంటే చూస్తూ ఏడ్చారు.

చూస్తూ ఉండలేకపోయారు. పడవల కాంట్రాక్టరు లక్ష్మీపతి ట్రాక్టరు నిండా ఇసుక మూటలు తెచ్చాడు. మరవ మీద రెండు వరసలు పేరిస్తే ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయి. పడవలు నేలకు తగలవు, కాలనీ బోర్లు ఊరతాయి. ఎవరూ పిలవకుండానే కాలనీ మొత్తం వచ్చి మూటలు అందించింది. మరవను ఎన్నడూ ముయ్యకూడదు. ఈ మాట చెప్పవలసినవాడు కుళ్ళాయప్ప. అతను మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, అందిన మూటనల్లా తన చేతులతో పేర్చాడు. పదకొండేళ్ల తర్వాత వచ్చిన నీళ్లు తన కళ్ల ముందే వంకలోకి పోవడం అతనికీ ఓర్వరానిదైంది.

మూటలు పేర్చిన పన్నెండో రోజు, శుక్రవారం, చేతిలో గీతలు కనిపించలేదు.

మూడో స్తంభానికి సరిగ్గా కింద, బొటనవేలు పట్టేంత రంధ్రంలోంచి ఊట ఎర్రగా వస్తోంది. నీటి మట్టం పెరిగి స్తంభం గుంత అడుగును తాకిందని అతనికి అర్థమైంది. ఇంజనీరుకు ఫోన్ చేశాడు. సోమవారం వస్తానన్నాడు ఇంజనీరు. కుళ్ళాయప్ప ఒక్కడే మరవ మీది మూటలు లాగేశాడు. అడుగు నీళ్లు దిగాయి. ఊట రంగు మారలేదు. నీళ్లు దారి కనుక్కున్నాయి.

శనివారం కాలనీకి వెళ్లాడు. మొదటి ఇల్లు వనజాక్షిది. భర్త పోయాక ఆమె ఒక్కతే మగ్గం నడుపుతోంది. కాలనీలో ఆమె మాటకు విలువ ఉంది. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకునే చోట నేల చెమ్మగిల్లి ఉంది. ఆమె సంతోషంగా చూపించింది. చిన్నప్పుడు చూసిన చెమ్మ అంది. పలక వేసుకుని దాని మీద కాళ్లు పెట్టుకున్నానంది. కుళ్ళాయప్ప వంగి ఆ చెమ్మను వేలితో తాకాడు. తర్వాత ఎర్ర ఊట సంగతి చెప్పాడు. నాలుగు దినాలు ఇళ్లు ఖాళీ చెయ్యండి, లేదా తూము ఎత్తనీయండి.

"పడుగు దారాలు ఎక్కించినాక మగ్గాన్ని యాడికి మోసుకుపోదుము అన్నా?" అంది వనజాక్షి. "చీర సగంలో ఉండాది. నీళ్లు వదిలేస్తావా? మళ్లా యాడ తెస్తావు?"

"నాలుగడుగులే. మిగతాది ఉంటాది."

"నీ చేత్తోనే కదా మూటలు పెట్టినావు."



ఆదివారానికి రంధ్రం మణికట్టంత అయింది. పార్కు నిండా జనం. కణేకల్ నుంచి, గుంతకల్లు నుంచి కూడా వచ్చారు. ఆరు పడవలూ నీళ్ల మీదే ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం కుళ్ళాయప్ప ఈల వేసి పడవలన్నిటినీ గట్టుకు రప్పించాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి తూము దగ్గరికి నడిచాడు. లక్ష్మీపతి అడ్డం వచ్చాడు.

"ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ చెప్పలా."

"కట్ట తెగుతాదని రాసిస్తావా?"

"తెగినాక రాసేదానికి ఎవురుంటారప్పా?"

లక్ష్మీపతి జనం వైపు చూశాడు. జనం కట్ట మీద నుంచి దిగడం మొదలుపెట్టారు. అతను పక్కకు తప్పుకున్నాడు.

తాళం తీశాక, తూము తలుపును ఎత్తే చక్రం తిరగడానికి చాలాసేపు పట్టింది. తిరిగింది. అడుగున తలుపు లేచిన మోత కట్టంతా వినిపించింది. కాలనీ పక్క కాలువలో నీళ్లు పరుగెత్తాయి. ఆడవాళ్లు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎవరూ తిట్టలేదు.

సోమవారం సాయంత్రానికి నాలుగడుగులు దిగాయి. ఊట సన్నబడి తేటబడింది. కుళ్ళాయప్ప చక్రాన్ని వెనక్కి తిప్పాడు. చక్రం తిరిగింది, తలుపు దిగలేదు. పదకొండేళ్ల తుప్పుకు లోపలి కడ్డీ ఎక్కడో తెగిపోయింది. అతను నడుముకు తాడు కట్టుకుని నీళ్లలో మునిగాడు. తూము నోరు అతని కాలును లాగింది. పైనున్నవాళ్లు తాడు పట్టి గుంజారు. లక్ష్మీపతి మనుషులు మరవ దగ్గర పడి ఉన్న ఇసుక మూటలు తెచ్చి వేశారు. తూము ఒక్కొక్క మూటనూ మింగి అవతలికి వదిలింది.

ఇంజనీరు బుధవారం వచ్చాడు. రంధ్రం అప్పటికి పొడిగా ఉంది. అందులో కర్ర పెట్టి చూశాడు.

"ఎలుక బొక్క ఇది" అన్నాడు. "దీనికి చెరువంతా వదిలేసినావా?"

ఎర్రటి ఊట గురించి కుళ్ళాయప్ప చెప్పాడు. ఫోటో ఉందా అని ఇంజనీరు అడిగాడు. లేదు. అప్పటిదాకా ఫోటోలు తీసిన వాళ్లంతా అక్షరాలనే తీశారు. అనుమతి లేకుండా తూము ఎత్తడం వల్ల చెరువు ఖాళీ అవుతోందని ఇంజనీరు కాగితం రాసి, తాళంచెవి, టోపీ, ఈల తీసుకుపోయాడు.

ఇంకో అయిదు రోజులు నీళ్లు పోయాయి. వంక దాటి ఎక్కడికి పోయాయో ఎవరూ వెంట వెళ్లి చూడలేదు. కాలనీ బోర్లలో పైకి వచ్చిన నీళ్లు మళ్లీ కిందికి పోయాయి. వనజాక్షి మగ్గం గుంత ఎండిపోయింది. తర్వాతి సోమవారానికి చెరువు నడుమ ఒక మడుగు మాత్రం మిగిలింది. పడవలు ఎక్కడివక్కడ బురదలో ఒరిగి ఉన్నాయి. కాకులు దిగాయి.

ఆ సాయంత్రం తిమ్మక్క గంప బోర్లించి దాని మీద కూర్చుంది. ఆమె అన్ని రోజులుగా ఒక్క మాటా అడగలేదు. అప్పుడు అడిగింది.

"నిజం చెప్పు. తెగేదేనా?"



"తెలీదు" అన్నాడు కుళ్ళాయప్ప.

ఆమె తల ఊపింది. తెగి ఉంటే అందరికీ తెలిసేది. తెగలేదు కాబట్టి ఇక ఎప్పటికీ తెలియదు. అరవై ఇళ్లూ అలాగే ఉన్నాయి. దీపాలు వెలిగాయి. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు తన వల్ల ఉందో, తను లేకపోయినా ఉండేదో, అతను చెప్పలేడు. నాయన ఉంటే చెప్పేవాడేమో. నాయన మరవను మూసేవాడు కాదు. అందుకని ఆయన్ను అడిగే హక్కు కూడా తనకు లేదనుకున్నాడు.

మర్నాడు పొద్దున కాలనీకి ట్యాంకరు వచ్చింది. కుళ్ళాయప్ప రెండు బిందెలు, ఒక చెంబు తీసుకుని వరసలో చివర నిలబడ్డాడు. ఎవరూ అతన్ని పొమ్మనలేదు, పలకరించనూ లేదు. అతని వంతు వచ్చినప్పుడు పైపు వనజాక్షి చేతిలో ఉంది. ఆమె అతని ముఖం చూడకుండా పైపును తన రెండో బిందెలో పెట్టింది. అది నిండేసరికి ట్యాంకరులో నీళ్లయిపోయాయి. డ్రైవరు పైపు చుట్టుకున్నాడు. కుళ్ళాయప్ప ఖాళీ బిందెలతో కట్ట ఎక్కి, అవతలి వైపు చెరువులోకి దిగాడు. పగుళ్లు వారుతున్న బురదలో మడుగు దాకా నడిచాడు. చచ్చిన చేపలను చేత్తో ఒక పక్కకు నెట్టి, భుజం మీది తువ్వాలును బిందె మూతికి కట్టి, ఆ ఎర్రనీళ్లను చెంబుతో ముంచి పోశాడు. బిందె నిండడానికి చాలాసేపు పట్టింది. అది నిండాక రెండోది ముందుకు జరుపుకున్నాడు.