తెల్లమచ్చల మొక్క

మా అక్క పోయిన రెండో రోజు నుంచే మా ఇంటికి వచ్చినవాళ్ళు నా ముఖం కంటే ముందు కుండీలను చూడటం మొదలుపెట్టారు. వాళ్ళను అని లాభం లేదు. మా వీధి గుమ్మం నుంచి వరండాలోకి రావాలంటే ఆ కుండీల మధ్య పక్కకు తిరిగి నడవాల్సిందే. ఆ ఇంట్లో ఉండేది అక్కా నేనూ ఇద్దరమే. ఆమెకు మొక్కల పిచ్చి, నాకు పుస్తకాల పిచ్చి. నా పుస్తకాలు నీళ్ళడగవని నేను దెప్పితే, నా మొక్కలకు చెదలు పట్టవని ఆమె తిప్పికొట్టేది.

మామూలు మొక్కంటే ఆమెకు చిన్నచూపు. మల్లె, కనకాంబరం ఎవరింట్లోనైనా ఉంటాయట. కడియం వైపు నర్సరీలకు వెళ్ళిన ప్రతిసారీ ఎవరో ఒక పరదేశీయురాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బస్సులో మా యానాం తెచ్చేది. ఒకటి చిలకముక్కుల్లాంటి పూలు పూస్తుంది. ఒకటి ఆకుల నడుమ గిన్నె కట్టుకుని అందులో నీళ్ళు నిలవ చేసుకుంటుంది. ఒకదానికి కాండం పొట్టలా ఉబ్బి ఉంటుంది. మా బోరు నీళ్ళు ఉప్పన కాబట్టి వీళ్ళందరికీ కుళాయి నీళ్ళు విడిగా పట్టి ఉంచేది. ఆ బిందెలోంచి నేను కాఫీకి ముంచితే ఇంట్లో యుద్ధమే.

అందరికీ రాణి మాన్‌స్టెరా అనే పాకే మొక్క. ఒక్కో ఆకు సగం ఆకుపచ్చ, సగం తెలుపు. అది వచ్చిన రోజున, "గోడకు సున్నం వేస్తుంటే చిందిందా?" అని అడిగాను. అక్క మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అలంకారమంటే నాకు మొదటి నుంచీ అనుమానం. వాక్యంలో విశేషణాలు ఎక్కువైతే పుస్తకం మూసేసే మనిషిని. ఆకు ఆకుపచ్చగా ఉంటే చాలదా అనుకునేదాన్ని.

ఆస్పత్రిలో చివరి వారం అక్క ఇంటి గురించి గానీ, దేవుడి గురించి గానీ ఒక్క మాట అనలేదు.

"పూర్తి ఆకుపచ్చ కొమ్మ వస్తే కోసెయ్యి. అది బలిసి తెల్లదాన్ని మింగేస్తుంది. తెల్లది మాత్రం ముట్టుకోకు," అంది.

"నీ రాణిగారికి నేను దాసీనా?"

"ముందు సరే అను."

సరే అన్నాను.

మైల ఇంటి నుంచి ఏదీ పట్టుకెళ్ళకూడదు. బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తామని కూడా అనకూడదు. పరామర్శకు వచ్చినవాళ్ళు రెండింటినీ నిష్ఠగా పాటించారు. అందుకని కుండీలను మాటతో రిజర్వు చేసుకున్నారు. కనకాలపేట నుంచి వచ్చిన దూరపు పిన్ని కళ్ళొత్తుకుంటూ, "మీ అక్క గుర్తుగా ఆ చిలకముక్కులదొక్కటి చాలమ్మా. తొందరేం లేదు, పన్నెండో రోజు అయ్యాకే," అంది.

పక్కింటావిడ మెల్లగా, "అది నేను నిన్ననే అడిగేనండి," అంది.

"మీరడిగింది చిన్న కుండీ అండి," అంది పిన్ని.

ఏడుపు కాసేపు ఆగింది.

మాన్‌స్టెరాను మాత్రం ఎవరూ అడగలేదు. దానికి జబ్బనుకున్నారు. నాకు ప్రాణం కుదుటపడింది.

ఫరంపేటలో ఉండే మా వదిన, అంటే అన్నయ్య భార్య, పదో రోజున ఇల్లు కడగడానికి వచ్చింది. మంచి పనిమంతురాలు. వరండాలోంచి ఆమె గొంతు వినబడింది.

"అమ్మాయ్, ఈ మొక్కకి తెగులు పట్టేసింది. ఆకులన్నీ పాలిపోయేయి. ఎల్లుండి భోజనాలకి జనం వస్తారు, చూస్తే బాగోదు. తీసేయనా?"

నేను గదిలో పుస్తకం పట్టుకుని ఉన్నాను, మూడు రోజులుగా అదే పేజీ. "మీ ఇష్టం వదినా," అన్నాను. ఏ మొక్క అని అడగలేదు.

బయటికి వచ్చేసరికి రాణిగారికి ఈమధ్యే వచ్చిన రెండు పూర్తి ఆకుపచ్చ ఆకులే మిగిలాయి. తెల్లవన్నీ చెత్తబుట్టలో ఉన్నాయి.

"ఇప్పుడు చూడు, ఎలా లేస్తదో," అంది వదిన, చేతులు కడుక్కుంటూ.

కత్తెర ఆమెది, అనుమతి నాది.

పన్నెండో రోజు విస్తళ్ళు ఎత్తకముందే కుండీలు కదిలాయి. చిలకముక్కుల మొక్క ఆటోలో పిన్ని ఒళ్ళో కూర్చుని వెళ్ళింది. సాయంత్రానికి గుమ్మం నుంచి వరండా దాకా తిన్నగా నడవగలిగాను. వెళ్ళొస్తామని ఎవరూ అనలేదు.

మాన్‌స్టెరా నిజంగానే లేచింది. వదిన వారానికోసారి చేపలు కడిగిన నీళ్ళు తెచ్చి పోసేది. ఆకులు చేటలంత అయ్యాయి, అన్నీ ఆకుపచ్చ. ఇన్నేళ్ళూ నేను కోరుకున్న మొక్క అదే. వచ్చినవాళ్ళంతా ఎంత ఆరోగ్యంగా ఉందోనని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది.

పోయిన నెల కాండం తుడుస్తుంటే, కింది కణుపు దగ్గర గోటితో గీసినంత తెల్లగీత కనిపించింది. అలాంటి గీత ఉన్న చోటికి పైన కోస్తే తెల్లచిగురు రావచ్చని అక్క అంటుండేది. రాకపోవచ్చని కూడా అంటుండేది. కత్తెర తెచ్చాను. సగం కోశానో లేదో, చేపనీళ్ళతో వదిన వచ్చింది.

"మతి పోయిందా అమ్మాయ్? నవనవలాడేదాన్ని నరుకుతున్నావేంటి?"

"ఈ పచ్చదనమే దీనికి తెగులు వదినా."

"అచ్చం మీ అక్కలాగే తయారయ్యేవు. సరేలే, కోసింది పారేయకు, ఇలా తే. మా గోడకి పాకిస్తాను."

ఫరంపేటలో అది గోడెక్కిందట, వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారట. మా వరండాలో జానెడు మోడు ఉంది. కణుపు దగ్గర ఆవగింజంత మొన లేచింది, ఏ రంగో ఇంకా తెలియదు. కుళాయి నీళ్ళు దానికి విడిగా పట్టి ఉంచుతున్నాను. కుళాయి రాని రోజున బిందెలో మిగిలింది దానికే. ఆ రోజు నాకు కాఫీ లేదు.