పాస్టరమ్మ చెప్పిన తీర్పు

పాస్టరమ్మ ఇక లేరని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చాలాసేపు కదల్లేకపోయాను.

శంషాబాద్‌లో మేము కిరాయికి ఉన్న ఇంటికీ, వాళ్ల రేకుల ప్రార్థన మందిరానికీ మధ్య ఒకటే గోడ. ఆ సంఘం పాస్టరుగారి భార్య ఆమె. మాది మహేశ్వరం వైపు వ్యవసాయ కుటుంబం. మా దేవుళ్లు వేరు. అయినా ఆదివారం పాటలు గోడ దాటి వచ్చి మా గిన్నెల చప్పుడులో కలిసిపోయేవి. మాట్లాడుతుండగా పైన విమానం పోతే ఆమె కళ్లు మూసుకుని ఆగేవారు. మోత తగ్గాక, విడిచిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవారు. ఆ కాసేపట్లో ఎక్కడికో వెళ్లి వచ్చినట్టు ఉండేది ఆమె ముఖం.

విమానాశ్రయం కొత్తగా తెరిచిన ఏడాది, ఆ దారిలోని ఒక హోటల్లో నేల తుడిచే పనికి కుదిరాను. ఒక మధ్యాహ్నం మెట్ల దగ్గర తుడిచి, తడి ఆరకముందే, హెచ్చరిక పలక పెట్టకుండా టీకి వెళ్లాను. ఒక ముసలాయన జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది. మైలార్‌దేవ్‌పల్లి నుంచి వచ్చే నా తోటి పనామె తుడిచిందనుకుని ఆమెను పనిలోంచి తీసేశారు. "నేను కాదు సార్" అని ఆమె ఏడుస్తుంటే నేను బకెట్ పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఆ ఆదివారం ఎవరో బయటి బోధకుడు మైకులో తీర్పు దినం గురించి చెప్పాడు. దాచినవన్నీ బయటపడతాయన్నాడు. గోడకు ఇవతల బియ్యం ఏరుతున్న నేను చేట పక్కన పెట్టేశాను. మూడో రోజు, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న పాస్టరమ్మకు అంతా చెప్పేశాను.

"అమ్మా, మీ దేవుడు నన్ను అగ్గిల ఏస్తడా?"

ఆమె గింజలు తీస్తూనే అడిగారు: "తీసేసినప్పుడు ఆ పిల్ల ఏమన్నది?"

"నేను గాదన్నది. ఎవ్వలు ఇనలే."

"దేవుడు ఇన్నడు. తీర్పంటే గదే బిడ్డా. ఎవ్వలు ఇననోళ్ల మాట ఆయన ఇంటడు. గది లేకుంటే ఆ పిల్లకు ఇంకెవలున్నరు?"

"మరి నాకు?"

"నీ తప్పు తప్పే. ఆయన దాన్ని చిన్నగ చెయ్యడు. గని తీర్పు చెప్పెటాయనే దిగొచ్చి మన శిక్ష మీదేసుకున్నడు. సిలువంటే గదే. ఇగ దాసుకునుడెందుకు? భయంతోని గాదు, ధైర్నంతోని నిజం చెప్పొచ్చు."

మర్నాడు నాతో హోటల్‌కు వచ్చారు. "నేను మాట్లాడ. పక్కన నిలబడత," అన్నారు. అలాగే నిలబడ్డారు. నా పని పోయింది. ఆ తోటి పనామెను మళ్లీ పనిలోకి పిలిచారు. క్షమాపణ అడగడానికి ఆమె ఇంటికి వెళ్తే గుమ్మంలోనే విన్నది.

"చెప్పినవ్, మంచిదే. గని నేను ఏడుస్తుంటె చూస్కుంట నిలబడ్డవ్ గదక్కా," అని తలుపు వేసుకుంది.

ఏడుస్తూ తిరిగొచ్చిన నాతో పాస్టరమ్మ ఒకటే అన్నారు. "క్షమాపణ అడగొచ్చు బిడ్డా. గుంజుకోవద్దు."

నేను వాళ్ల సంఘంలో చేరలేదు. ఒకసారి రమ్మన్నారు, నేను తల దించుకుంటే నవ్వి ఊరుకున్నారు. కానీ తీర్పు అనే మాట వింటే నాకు ఇప్పుడు అగ్ని గుర్తుకు రాదు. ఒక ముసలామె నా పక్కన, చెప్పులు విడిచి, హోటల్ చల్లటి నేల మీద నిలబడి ఉండడం గుర్తొస్తుంది.

ఇప్పుడు నేను ఉంటున్న అత్తాపూర్ నుంచి చేరేసరికి సమాధి దగ్గర ప్రార్థన మొదలైంది. ఎండకు కళ్లు చెదిరి మనుషులంతా నీళ్లలో నీడల్లా కదులుతున్నారు. వాళ్లలో ఆ తోటి పనామె కనిపించింది. నాకు తెలియకుండా పాస్టరమ్మ ఇన్నేళ్లూ ఆమె ఇంటికి వెళ్లి వస్తూ ఉన్నారట. మా మధ్య అయిదారేళ్లుగా మాట లేదు.

నేను దూరంగానే నిలబడ్డాను. కాసేపటికి ఆమె నడిచి వచ్చింది.

"ఎండ శానా ఉన్నది. జర దగ్గరికి రా అక్కా."

తన గొడుగు నా వైపు వంచింది. ఆమె సగం భుజం మీద ఎండ పడుతూనే ఉంది.