వెనక సీటులో కూర్చునేవాళ్ల కోసం

మొన్న మా అన్న మనవడు నాగపూర్ నుంచి ఫోన్ చేసి, కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారుకు సస్పెన్షన్ పని చేయించాలని, ఊళ్లో ఎన్ని గ్యారేజీలున్నా ఏ మెకానిక్‌ను నమ్మాలో తోచడం లేదని, ఇన్నేళ్లు జీపు నడిపినవు కదా తాతా జర చెప్పమని అడిగాడు. నేలకు జానెడు ఎత్తులో పోయే ఆ బండి ఫొటో చూసి, మా సిరోంచ తోవలో అయితే మొదటి గుంతలోనే కూలబడేదని నవ్వుకున్నాను గానీ, ఆ పొద్దంతా మనసు నా పాత జీపు చుట్టే తిరిగింది. ఇంట్లో ఒక్కడినే కదా, మనసుకు అడ్డం చెప్పేవాళ్లెవరున్నారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను సిరోంచ నుంచి అహేరి వైపు ప్యాసింజర్ జీపు నడిపేవాణ్ని. మన కాలం వాళ్లకు చెప్పనక్కర్లేదు, లోపల పదిహేను మంది, వెనక వేలాడేవాళ్లు, పైన వడ్ల సంచులు. ఆ బరువుకు చక్రాల దగ్గరుండే ఇనుప పట్టీలు, మేము కమాన్లనేవి, ఊరికే వంగిపోయేవి కనుక, మా దగ్గర జీపు కొన్నవాడు మొట్టమొదట చేసే పని కంపెనీ ఇచ్చిన పట్టీల మీద ఇంకో రెండు ఎక్కించడం. పట్టీలు ఎన్ని ఎక్కువుంటే బండి అంత గట్టిదని మాకందరికీ అదో గొప్ప.

ఆ రోజుల్లోనే మా ఇంటామెకు వెన్నుపూసలో జబ్బు వచ్చింది. నెలకు రెండుసార్లు చంద్రపూర్ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ అడవి తోవలో ప్రతి గుంతకూ ఆమె పెదవి కొరుక్కునేదే తప్ప అరిచేది కాదు. బండి బాగుచేయిద్దామని సిరోంచలో నాకు బాగా పరిచయమున్న మేస్త్రీ దగ్గరికి పోయి, ఇంకా గట్టిగా చెయ్యమన్నాను. నేను చెప్పిందే అతను చేశాడు, ఇంకో పట్టీ ఎక్కించాడు. ఆ తర్వాతి ప్రయాణం తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది. గట్టి బండి ప్రతి దెబ్బనూ తెచ్చి ఆమె నడుముకే అప్పజెప్పింది. ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఒక్కటే మాట అన్నది. "ఇగ నన్ను ఏడికీ తీస్కపోకు. సస్తె ఇంట్లనే సస్త."

మందు ఆగితే మనిషి దక్కదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. అప్పుడు ఒక లారీ డ్రైవరు జిమల్‌గట్టలో ఇప్పచెట్టు కింద బండ్లు బాగుచేసే ముసలి ఉస్తాద్ గురించి చెబితే పోయాను. తీయగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. బండి కిందికి దూరలేదు, బానెట్ ఎత్తలేదు. "ఎనుక ఎవరు కూసుంటరు?" అని అడిగాడు. నేను సంగతి చెబుతుండగానే వెనక ఎక్కి, ఆమె కూర్చునే చోటే, ఆమెలాగే కాళ్లు చాపుకుని, గుంతలున్న దిక్కే పోనిమ్మన్నాడు. నాలుగు మైళ్లు పోయి వచ్చేసరికి ఆ పెద్దమనిషి నడుం పట్టుకుని దిగి నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. "తమ్మీ, గిది మనిషిని తీస్కపోయే బండా, సిమెంటు బస్తాల బండా?" అని, మేము ఎక్కించిన పట్టీలన్నీ ఊడదీసి గోనెసంచిలో చుట్టి నా చేతిలో పెట్టాడు. మళ్లీ వెనక ఎక్కి అదే తోవలో తిరిగి చూసుకున్నాకే బండి ఇచ్చాడు. ముగ్గురికి మించి ఎక్కిస్తే ఇంకోసారి తన దగ్గరికి రావద్దన్నాడు. ప్యాసింజర్లు లేని జీపుతో ఎట్లా బతకాలో తోచలేదు గానీ, ఆయన నడుం పట్టుకుని దిగిన తీరు చూశాక ఇంకెవరినీ నమ్మబుద్ధి కాలేదు. ఇంటికి కావలసిన వడ్లు మా అన్న పంపాడు.

బతిమాలి బతిమాలి ఆమెను ఎక్కించాను. ఆలపల్లి దాటాక వెనక్కి చూస్తే నిద్రపోతోంది. ఆ తోవలో ఆమె కునుకు తీయడం అదే మొదలు. అట్లా ఏడాదిన్నర తిరిగాం, చివరికి జబ్బే గెలిచింది.

దినాలయ్యాక, మళ్లీ ప్యాసింజర్లను ఎక్కించుకుందామని ఆ గోనెసంచి పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయనకు కబురు తెలియదు. అలవాటు ప్రకారం, "ఎనుక ఎవరు కూసుంటరు?" అన్నాడు. నా ముఖం చూసి, చేతిలోని పానా కింద పెట్టి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ పట్టీలు ఇవాళ్టికీ గోనెసంచిలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఇంకొకరి లారీ నడిపి బతికాను.

ఇప్పుడు ప్రాణహిత మీద వంతెన వచ్చింది, బండి లోపం మిషనే చెబుతుందట, ఆ ఉస్తాద్ కూడా లేడు. అయినా మనవడికి నాకు తెలిసిందే చెప్పాను, వెనక సీటులో ఎవరు కూర్చుంటారని అడిగేవాడి దగ్గరికే పొమ్మని. వాడు, "తాతా, అండ్ల ఎనుక సీటే లేదు" అన్నాడు.

నా జీపు ఇంకా ఇంటి ముందే ఉంది. వారానికోసారి అంగడికి తీస్తాను. గుంత కనబడితే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది, వెనక ఎవరూ లేకపోయినా.